రేకుల కింద పెద్దమ్మ

మొన్న విరుదునగర్ బస్టాండులో తోపుడుబండి మీద మంకీ టోపీలు అమ్ముతున్నారు. మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చిందంటే చాలు, ఈ బండి ఎక్కణ్ణుంచో ఊడిపడుతుంది. అయ్యప్ప స్వాములు కొంటారు, తెల్లవారుజామున పాలు పోసేవాళ్ళు కొంటారు, కొడైకెనాల్ పోయే కొత్త జంటలు కొంటారు. నేను గోధుమరంగు టోపీ ఒకటి తీసి, లోపల చెయ్యి పెట్టి సాగదీశాను. మెడ దాకా దిగుతుందా, ఉన్ని గరుకుగా ఉందా, కుట్టు ఎక్కడైనా గుచ్చుకుంటుందా అని చూస్తుంటే బండివాడు "పెద్దవాళ్ళకా అమ్మా?" అని అరవంలో అడిగాడు. అవునన్నాను. డబ్బు తీయబోయి ఆగిపోయాను. ఎవరి కోసం కొంటున్నానో ఆ మనిషి పోయి ఏడాది అయింది. టోపీ మడిచి బండి మీద పెట్టేస్తే, నేను బేరం చేస్తున్నాననుకుని వాడు నా వెనకాల ధర తగ్గిస్తూ అరిచాడు.

మా వైపు చలి అంటే ఎవరూ నమ్మరు. నేను కోవిల్‌పట్టిలో పుట్టి పెరిగినదాన్ని. నల్లరేగడి నేల మాది. మబ్బు కూడా మా ఊరి మీదుగా పోయేటప్పుడు తొందర తొందరగా దాటిపోతుంది. నెల్లూరులో నర్సు చదువు చదివేటప్పుడు హాస్టల్ పిల్లలు ముందు నా తెలుగు విని నవ్వేవాళ్ళు, తరవాత మా ఊరి సంగతులు అడిగేవాళ్ళు. నాకు ఈ అక్షరాలు వచ్చింది కూడా వాళ్ళ దగ్గరే. "మీ ఊళ్ళో చలికాలం ఉంటుందా?" అని అడిగితే "మా పెద్దమ్మకు ఉంటుంది" అనేదాన్ని. వాళ్ళు ఇంకాస్త నవ్వేవాళ్ళు. నేను వేళాకోళం ఆడలేదు, ఉన్నమాటే చెప్పాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా ఎదురింటావిడ. మా వీధిలో రెండు వైపులా ఒకదానికొకటి ఆనుకున్న చిన్న ఇళ్ళు, అందరూ అగ్గిపెట్టెల పనికో టపాకాయల పనికో పోయేవాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆమెకు పిల్లలు లేరు. వీధిలో పిల్లలందరికీ పెద్దమ్మ, ఆమె మొగుడు పెదనాయన. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె సాత్తూరు అవతల ఒక టపాకాయల షెడ్డులో పనికి పోయేది. అక్కడ మందు అంటుకుంది. నేను అప్పటికి పుట్టలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. అడిగితే ఒకటే మాట చెప్పేది.

"మందు నన్ను ఏమీ సెయ్యలా పాపా. నేను వాకిట్లో ఉంటిని. కప్పు వచ్చి మీద పడింది."

ఆ షెడ్డుకు తాటాకు కప్పు. అది మండుతూ కూలింది. కుడి చెంప కింద నుంచి మెడ, భుజం, మోచేతి దాకా ఆమె చర్మం మళ్ళీ కట్టింది గానీ మునుపటి చర్మం కాదు. కాలి మానిన చోట చెమట పట్టదు, కాబట్టి చిత్తిరై ఎండల్లో ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. చలి తగిలితే అదే చర్మం ఎండబెట్టిన తోలులా బిగుసుకుపోయి మెడను కిందికి, చేతిని పక్కకు లాగుతుంది. నలుగురికీ హాయిగా ఉండే మార్గళి పొద్దున ఆమెకు నరకం. ఎండ గురించి ఆమె మాట ఒకటి వీధిలో అందరికీ కంఠతా వచ్చు. "ఎండ నాకు సవతి మాదిరి. ఉంటే పోరు, పోతే దిగులు."

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు రోజూ చెయ్యి పైకెత్తమని చెప్పారట. ఊరికే గోడ పట్టుకుని చెయ్యెత్తడం ఆమెకు సిగ్గు. అందుకని వీధిలో ఆడపిల్లల తలలు దువ్వడం మొదలుపెట్టింది. పొద్దున బడికి పోయే ముందు మేమంతా నూనెసీసాలు, దువ్వెనలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు వరసగా కూర్చునేవాళ్ళం. ఎండాకాలంలో ఆమె తీసిన పాపిడి దారం పట్టి గీసినట్టు ఉండేది. కార్తీకం వచ్చేసరికి చెయ్యి పైకి లేచేది కాదు, పాపిడి చెవి వైపు జారిపోయేది. బడిలో మా టీచరు మా వీధి పిల్లలను తలలు చూసే గుర్తుపట్టేది. మా అమ్మ ఇంటి దగ్గర మళ్ళీ సరిచేయబోతే నేను ఒప్పుకునేదాన్ని కాదు. పెద్దమ్మ చూస్తే నొచ్చుకుంటుందని భయం.

ఇక పెదనాయన సంగతి. ఆయన పని తాటాకు ఇళ్ళు కప్పడం. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నింటిలో ఆయన కప్పు అంటే ఒక పేరు. వాన ఎంత కొట్టినా చుక్క దిగదని, ఎండాకాలం లోపల కుండలో నీళ్ళలా చల్లగా, చలికాలం కోడి రెక్కల కింద ఉన్నట్టు ఉంటుందని మా నాన్న చెప్పేవాడు. కొత్త పెళ్ళాం కోసం తన మట్టిగోడల ఇంటికి ఆయన కప్పిన కప్పు జానెడు మందం ఉండేదట. పెద్దమ్మ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు జట్కాబండి దిగి వీధిలోనే నిలబడిపోయింది. గుమ్మం దగ్గర దిష్టి తీయడానికి నీళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఎంత పిలిచినా అడుగు కదపలేదు. ఇంటి వైపు చూసి మొగుడితో ఒక్క మాట అంది.

"దాన్ని దించు."

ఆయన ఏమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. ఆ పూటే పైకెక్కి తన చేత్తో కట్టిన కట్లు తన చేత్తోనే కోశాడు. ఆమె మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఆఖరి తాటాకు దిగి బండెక్కి వీధి మలుపు తిరిగేదాకా చూసిందట. తరవాత సిమెంటు రేకులు వేశారు. రేకు మండదు. ఊరందరికీ తాటాకు కప్పేవాడు తన ఇంటికి రేకులు వేసుకున్నాడని టీ అంగట్లో చాలాకాలం నవ్వుకున్నారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆ విధంగా, ఎండనూ చలినీ ఆపే కప్పు పోయి, రెంటినీ లోపలికి పిలిచే కప్పు వచ్చింది. ఏ మనిషికైతే ఎండా పనికిరాదో చలీ పనికిరాదో ఆ మనిషి నెత్తి మీదికే వచ్చింది. మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పని జరగదనుకుంటాను.

రేకులకు అలలు ఉంటాయి కదా. గోడకూ రేకుకూ మధ్య ఆ అలల కింద సందులు. మార్గళి గాలి అంతా ఆ సందుల్లోంచే దూరేది. ఐప్పసి వానలు తగ్గగానే పెద్దమ్మ ఇంటిని మూయడం మొదలుపెట్టేది. తిరుత్తంగల్ ప్రెస్సుల్లో పాడైపోయిన క్యాలెండరు కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. రంగులు పక్కకు జరిగి నాలుగు కళ్ళు పడ్డ లక్ష్మీదేవి, రెండు తొండాల వినాయకుడు, నీడ కూడా నవ్వుతున్న మురుగన్. వాటిని పిండి జిగురుతో రేకుల లోపలివైపు పొరలు పొరలుగా అంటించేది. దేవుళ్ళు పైన, పూలూ పిల్లులూ కింద. మంచుకొండల బొమ్మ వస్తే మాత్రం తిరగేసి అంటించేది.

"ఏంటికి పెద్దమ్మా, బాగుంది కదా?" అని ఒకసారి అడిగాను.

"నీకు బాగుంటాది. నాకు దాన్ని సూస్తేనే కుళురు పుడతాది," అంది. చలిని మావాళ్ళు కుళురు అంటారు.

కాగితం కూడా మండుతుంది కదా అని అడిగే తెలివి నాకు చాలా రోజులకు వచ్చింది. దానికీ ఆమె దగ్గర జవాబుంది. "కాయితం నా మీద పడలేదు." అంతటితో సరి. భయానికి లెక్కలు చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

పగలంతా ఇటుకలు వాకిట్లో ఎండకు పెట్టేది. పొద్దు వాలగానే గోనెసంచిలో చుట్టి తెచ్చి మంచం కింద పేర్చేది. ఆ వెచ్చదనం ఆరేలోపల నిద్ర పట్టించుకోవాలి. మెడ దగ్గర వేలాడదీసుకోవడానికి పసుపుపచ్చగా వెలిగే పాత గుండు బల్బు ఒకటి ఉండేది. అంగళ్ళలో ఆ బల్బులు రావడం మానేసి తెల్ల బల్బులు వచ్చాక ఆమెకు ఒక దిక్కు పోయినట్టయింది. "ఇది యెలుగుతాది పాపా, కాగదు. దీన్ని పెట్టుకోని నేను సదవతానా?" అని విసుక్కుంది. ఇంట్లో అడుగుపెట్టగానే ఎడమచేతి వెనకవైపు గోడకు ఆనించి చూసేది. పిల్లలకు జ్వరం చూసినట్టు గోడకు చూసేది. చాలా రోజులు "సల్లగా ఉండాది" అనేది. ఎప్పుడో ఒకరోజు ఏమీ అనేది కాదు. ఆ రోజు మంచి రోజన్నమాట.

వెచ్చదనం కోసం ఇంత తాపత్రయపడే మనిషి ఇంట్లో అగ్గిపుల్ల ఉండేది కాదు. ఊరికంతా అగ్గిపెట్టెలు పంపే వీధిలో ఆ ఒక్క ఇంట్లో అగ్గిపెట్టె లేదు. నిప్పు అనే మాట కూడా ఆమె నోట వినలేదు. 'అది' అనేది. వంట పెదనాయనే, ఇంటి వెనక, గోడకు దూరంగా మూడు రాళ్ళు పెట్టి వండేవాడు. వానొస్తే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిటె. ఉచితంగా గ్యాసు వచ్చాక ఆ పొయ్యినీ తీసుకుపోయి రాళ్ళ మీదే పెట్టాడు. "ఏమి మామా, ఈ పొద్దు ఏం సమయలు?" అని వంట గురించి వీధి ఆడవాళ్ళు ఆటపట్టిస్తే "మీ మొగుళ్ళను పంపండి, నేర్పిస్తా" అనేవాడు. కార్తీక దీపాల రోజు వీధంతా వెలిగిపోతుంటే పెద్దమ్మ గడప మీద ప్రమిదలు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో చామంతి పువ్వు ఉంచేది. పసుపు చామంతి. దూరం నుంచి చూస్తే ఇది కూడా దీపమే అనిపించేది.

నాకు విరుదునగర్‌లో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి, అక్కడే పెళ్ళయి స్థిరపడ్డాక ఆమెకు ఏదైనా చెయ్యాలనిపించింది. కరెంటు హీటరు కొందామని అంగడికి పోతే అంగడివాడు కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "అమ్మా, ఇది విరుదునగర్. ఊటీ కాదు," అన్నాడు. చివరికి మదురై నుంచి తెప్పించాడు. దాన్ని మోసుకుని కోవిల్‌పట్టి పోయి, పెద్దమ్మ మంచం పక్కన పెట్టి, మీట నొక్కాను. కాసేపటికి లోపల కడ్డీ ఎర్రబడింది. పెద్దమ్మ లేచి నిలబడింది.

"దాన్ని ఆపు."

"ఇది నిప్పు కాదు పెద్దమ్మా, కరెంటు."

"ఎర్రగా అవతాది కదా?"

"అవుతుంది."

"మరి?"

నేను మీట తీసేశాను. కడ్డీ నల్లబడేదాకా ఆమె గుమ్మం బయటే నిలబడింది. నాకు మనసు కష్టమవుతుందని పెదనాయన అడ్డుపడి, "అది కాదమ్మా, కొంచిం కరెంటు ఊరికే ఇస్తాండారు కదా, దీన్ని పెడితే ఆ లెక్క దాటిపోతాది, బిల్లు కట్టేదెవరు?" అన్నాడు. అది కూడా నిజమే. నిజాల్లో ఏది చెప్పాలో ఆయనకు తెలుసు.

ఏడాదికొకసారి, మార్గళి ముదిరినప్పుడు ఆయన కూడా అడిగేవాడు. "రేకు మీద తాటాకు కప్పతా. కింద రేకు ఉండాది కదా, ఎట్లా పడతాది? వెచ్చగా ఉంటాది, ఎండకీ మంచిది." ఆమె తల అడ్డంగా తిప్పేది. మెడ బిగుసుకున్న రోజుల్లో తల తిప్పలేక చెయ్యి ఊపేది. ఆయన మళ్ళీ ఏడాది దాకా ఎత్తేవాడు కాదు. వాళ్ళిద్దరి మధ్య ఇంతకంటే పెద్ద గొడవ నేను చూడలేదు.

పోయిన ఏడాది ఐప్పసిలో ఊరికి పోయాను. అప్పటికింకా చలి రాలేదు. ఫ్యాను కింద కూర్చుని ఉన్నాం. ఆమె ఇంట్లోనే కూర్చుని టపాకాయల కంపెనీకి ఖాళీ కాగితం గొట్టాలు చుట్టే పని మానేసిందని తెలిసింది. వేళ్ళు మడవడం లేదట. నన్ను చూడగానే దువ్వెన తెమ్మంది. "రా, ఇట్లా కూర్సో. నర్సమ్మ తల సింపిరిగా ఉండాది." నేను చిన్నపిల్లలా ఆమె ముందు నేలమీద కూర్చున్నాను. దువ్వెన నెత్తి దాకా వచ్చింది, అక్కడ వణికి, జారి నా ఒళ్ళో పడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ పడింది. ఇంకోసారి తీసి ఇవ్వబోతే ఆమె చెయ్యి చాపలేదు.

"ఇదో, ఇనుకో," అంది పెదనాయనతో.

"ఏంది?"

"కప్పు."

"ఏం కప్పేది?"

"ఇల్లే. రేకు మీద. నువ్వు అడగతానే ఉంటివి కదా."

పెదనాయన బయటికి పోయి, వీధి అవతలకు దాటి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని తన ఇంటి పైభాగాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. నిచ్చెన ఎక్కి ఏళ్ళయింది. కానీ లోపలికి వచ్చేటప్పుడు ఆయన నడకే మారిపోయింది.

తాటాకు దొరకడమే కష్టమైంది. చెట్లు కొట్టేశారు, ఉన్న చెట్లెక్కే మనుషులు లేరు. తూర్పున సముద్రం వైపు ఊళ్ళు తిరిగి తిరిగి ఆకు తెచ్చాడు. ఎండబెట్టి, తడిపి, రాళ్ళు పెట్టి అణిచి, వరసలు పేర్చాడు. నిచ్చెన మీద ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఆగి మోకాలు రుద్దుకునేవాడు. తాటాకు కప్పడం ఇప్పుడెవరికీ రాదు కాబట్టి వీధి వీధంతా చూడడానికి వచ్చింది. కుర్రాళ్ళు ఫోనుల్లో తీసుకున్నారు. పెద్దమ్మ ఎదురుగా మా అరుగు మీద కూర్చుని, ఎప్పుడో దించడం చూసినట్టే ఇప్పుడు ఎక్కించడం చూసింది. పని పూర్తయ్యాక లోపలికి పోయి చేతి వెనకవైపు గోడకు ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"నీ సేతి పనితనం ఇంకా పోలేదు," అంది మొగుడితో. ఆయన అంత ముసలివాడూ సిగ్గుపడిపోయాడు. ఈ మాటలు నాకు మా అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నా పదిమందికి చెప్పుకున్నాను. మా పెద్దమ్మకు ఇల్లు వెచ్చబడిందని చెబితే రోగులు కూడా నన్ను వింతగా చూశారు.

మార్గళిలో సెలవు దొరికితే మొదటి బస్సుకు పోయాను. వీధిలో అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. ముగ్గులు వేస్తున్నారు. పెద్దమ్మ ఇంటి ముందు, వీధిలో, మంచం. మంచం మీద కంబళి కప్పుకుని ఆమె కూర్చుని ఉంది. దగ్గరికి పోయి ముట్టుకుంటే కంబళి మంచుకు తడిసి బరువెక్కింది. గడ్డం ఛాతీకి అతుక్కున్నట్టుంది, నన్ను చూడడానికి తల ఎత్తలేక కళ్ళు మాత్రం ఎత్తింది. తలుపు తెరిచే ఉంది. లోపల పెదనాయన నిద్రపోతున్నాడు. నేను గుమ్మంలోంచి చెయ్యి లోపలికి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. మా విరుదునగర్ డాబా ఇంట్లో కూడా అంత వెచ్చగా ఉండదు.

"ఇక్కడేంటికి పండుకున్నావు?" అన్నాను. నాకు కోపం ఆగలేదు. "పిచ్చా నీకు?"

"మెల్లంగా మాట్లాడు. ఆ మనిసి లేస్తాడు."

"పెద్దమ్మా!"

"వెచ్చగానే ఉండాది పాపా. రొంబ వెచ్చగా ఉండాది. కూర్సుంటే బాగుంటాది. పండుకోని పైకి సూస్తే వాసన వస్తాది."

"ఏం వాసన?"

"తాటాకు వాసన."

"అడ్డంగా రేకు ఉంది కదా. అది ఎలా పడుతుంది?"

"పడదు. నాకు తెలుసు. సొల్లి సొల్లి, సెప్పి సెప్పి సూసినా. ఈ వొళ్ళు ఇనదు."

అయితే తీసేయమని చెప్పు అన్నాను. నేనే చెబుతానన్నాను. ఆమె ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతికి అంత బలం ఎక్కడిదో.

"ఒకసారి దించమన్నా. అప్పుడు వయసులో ఉండె, దించినాడు, నవ్వినోళ్ళతో నవ్వినాడు. ఇప్పుడు ఆ మోకాళ్ళతో ఎక్కి కప్పినాడు. మళ్ళా దించమని ఏ నోటితో సెప్పేది? నువ్వూ సెప్పమాకు. లోపల ఉక్కపోస్తాదని సెప్పినా. నమ్మినాడు."

మాట పూర్తవకముందే దగ్గు వచ్చింది. నేను వీపు మీద చెవి పెట్టి విన్నాను. లోపల నెమ్ము చేరిన చప్పుడు నాకు కొత్త కాదు. నాతో విరుదునగర్ వచ్చెయ్యమని బతిమాలాను, తిట్టాను, మా అమ్మ చేత చెప్పించాను. మా ఇంట్లో గ్యాసు పొయ్యి లోపల ఉంటుందని ఆమెకు తెలుసు. నవ్వి ఊరుకుంది. ఆ పూటే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయాం. మందులు ఇచ్చారు, రెండోసారి పోయినప్పుడు పడక ఇచ్చారు. ఆస్పత్రి పడక మీద ఆమె పైకి చూసి, సిమెంటు కప్పు అని రూఢి చేసుకుని, కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయింది. పొంగల్ రాకముందే పోయింది. కాల్చవద్దని ఎప్పుడో చెప్పి పెట్టింది. ఎవరూ ఎదురు చెప్పలేదు, మట్టిలోనే పెట్టారు.

కర్మ అయిపోయాక ఒకరోజు పెదనాయనను చూడడానికి పోయాను. ఆయన లోపల, నేల మీద, చాప వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. నాకోసం వెనక్కి పోయి టీ కాచి తెచ్చాడు. ఇప్పటికీ ఆయన లోపల నిప్పు వెలిగించడం లేదు. బయట చలిగాలి కొడుతోంది. లోపల ఆ గాలి సంగతే తెలియడం లేదు. టీ తాగుతుంటే నుదుటి మీద చిన్నగా చెమట పట్టింది. తుడుచుకున్నాను. ఆయన అది చూశాడు.

"ఉక్కగా ఉండాదా అమ్మా?"

"లేదు పెదనాయనా."

"నాకు దాయమాకు. ఆమె కూడా ఉక్కగా ఉండాదనే సెప్తా ఉండె." ఆయన తలెత్తి పైకి చూశాడు. నాలుగు కళ్ళ లక్ష్మీదేవి మీదుగా, ఆ పైన ఉన్న రేకు మీదుగా, దాని పైన తాను కప్పిన దాన్ని చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లకు అడిగింది కదా అని ఆశ పడితిని. ఆకు ఉండాది కదా అని వరస మీద వరస ఏసేస్తిని. ఆమెకు గాలి ఆడలా లోపల. అందుకే మంచులో పోయి పండుకునె." నా వైపు తిరిగాడు. "కొంచిం పల్సగా కప్పుంటే లోపలే పండుకునుండును. ఏమమ్మా?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"అవును పెదనాయనా," అన్నాను. "కొంచెం మందమే అయింది."